బొట్టు పెట్టిన డిస్కులు

మహర్నవమి నాడు నక్కపల్లి దగ్గర మా అత్తగారింట్లో గారెలు వేస్తున్నాను. చేతి నిండా పిండి. సంచిలో ఫోను టింగు టింగుమని ఒకటే మోత. పండగ శుభాకాంక్షలేమో అని సరిపెట్టుకుందామన్నా, మనుషులెవరూ అంత వరసగా పంపరు. ఆ మోత నాకు బాగా తెలుసు. నర్సీపట్నంలో నేను పనిచేసే ఆసుపత్రి సర్వర్ గదిలో ఏదైనా చెడితే అక్కడి మిషనే నాకు మెసేజ్ పెడుతుంది. చేతులు కడుక్కుని చూశాను. ఒక డిస్కు లేదు. ఇంకో డిస్కు లేదు. ఇంకొకటి. ఇంకొకటి. ఆఖర్న, వాల్యూం మూతపడింది.

పొయ్యి మీద నూనె పొగలు కక్కుతుంటే మా అత్తగారు వచ్చి స్టవ్ ఆపారు.

నేను చేసే పని ఆవిడకి ఇప్పటికీ అర్థం కాదు. “కంప్యూటర్లు తుడుస్తాదేటి?” అని మా ఆడపడుచుని ఒకసారి రహస్యంగా అడిగారట. తుడవడం కూడా ఉంది కాబట్టి కాదనలేను. మాది ప్రైవేటు ఆసుపత్రి. చుట్టుపక్కల దానికి చిన్న చిన్న శాఖలున్నాయి. అన్నిచోట్లా తీసిన ఎక్స్‌రేలూ స్కానింగులూ రిపోర్టులూ లైను మీద వచ్చి మా గదిలో చేరతాయి. దాన్ని సొంత క్లౌడు అంటారు. ఆకాశంలో ఏమీ లేదు, ఎక్స్‌రే గది వెనకాల మెట్ల కింద ఉంది. అందులో ఇటుకంత డిస్కులు ఒక ఇనప రాక్‌లో వరసగా ఉంటాయి. వాటన్నిటినీ కలిపి ఒక్క గోదాములా చేసి, దాన్ని గదులుగా విడగొట్టి, స్కానింగ్ వాళ్ళకొకటి, ల్యాబ్ వాళ్ళకొకటి ఇస్తాం. ఆ గదినే వాల్యూం అంటాం. ప్రతి బొమ్మా ముక్కలై డిస్కులన్నిటి మీదా సర్దుకుంటుంది. ఒకటి పాడైనా, రెండు పాడైనా, మిగిలినవన్నీ కలిసి ఆ పోయిన ముక్కలేమిటో తిరిగి తయారు చేస్తాయి. మూడోది కూడా పోయిందంటే ఇక వాటి చేతుల్లో లేదు. నా చేతుల్లోనూ లేదు.

మేనేజరుగారికి ఫోన్ చేశాను. పెద్దాయన, నాన్న వయసు. ఆయన గొంతులో పండగ ఉంది.

“ఏటమ్మా, పండగపూట కూడా డ్యూటీయేనా? అంతా బాగుందమ్మా. అంబులెన్సుకి సేసేం, ఎక్స్‌రే మిషన్‌కి సేసేం, మీ కంప్యూటర్ గదికీ సేసేం పూజ. ఎర్ర లైట్లు కూడా ఎలుగుతన్నాయి, సూడ ముచ్చటగా ఉందనుకోండి.”

అడ్డరోడ్డు దాకా బస్సు, అక్కణ్ణుంచి షేర్ ఆటో. దారి పొడుగునా ట్రాక్టర్లకీ లారీలకీ బంతిపూల దండలు. ఒక్కో దండా చూస్తుంటే అరికాలి మంట నెత్తికెక్కుతోంది. నాకు కోపం ఎక్కువ. ఈ మాట మా ఇంట్లో ఎవర్ని అడిగినా చెబుతారు. ఆటోలో ఎదురుగా కూర్చున్న ముసలాయన నా మొహం చూసి తన సంచి కాస్త దగ్గరికి లాక్కున్నాడు.

సర్వర్ గది తలుపుకి మామిడాకుల తోరణం కట్టారు. గుమ్మం ముందు కుంకం పూసిన గుమ్మడికాయ పగిలి ఉంది. లోపలికి వెళ్ళగానే సాంబ్రాణి వాసన. ఈ గదిలో అగ్గిపుల్ల గీయకూడదని తలుపు మీద నేనే రాసి అతికించాను. ఆ కాగితానికి కూడా గంధం బొట్టు పెట్టారు. రాక్‌లో డిస్కులన్నీ పేరంటానికి వచ్చినట్టు, ఒక్కోదానికీ పచ్చటి పసుపు, దాని మధ్యలో ఎర్రటి బొట్టు. ప్రతి బొట్టు పక్కనా ఒక ఎర్ర లైటు.

“ఎవరు తీశారు వీటిని?” అన్నాను.

“నానేనమ్మా,” అన్నారు మేనేజరుగారు సంతోషంగా. “ఏటేటా మీరు బయట తలుపుకి ఒక్క బొట్టెట్టించి పంపేత్తారు. ఊళ్ళో ఉన్న బొమ్మలన్నీ మోసేది లోపలున్నోల్లు గదా, ఆల్లనొగ్గేసి తలుపుకి సేత్తే ఏటి లాభం? మిషన్ ఎప్పుడూ ఆపొద్దని మీరు సెప్పేరు గదా, ఆపలేదమ్మా. రవ్వంత కూడా ఆపలేదు. ఒక్కోటీ లాగి, తడిగుడ్డతో తుడిసి, పసుపు రాసి, కొత్త పంచె మీద వరసగా పేర్సేను. అన్నిటికీ కలిపి హారతిచ్చి, మళ్ళీ ఎక్కడియ్యక్కడ ఎట్టేసేను.”

“ఎక్కడివక్కడేనా?”

“అంటే... కాళీ ఉన్న కాడ.”

ఆయన మీద ఒంటికాలి మీద లేచాను. ఏమేం అన్నానో రాయను. వార్డులో నర్సులు పరుగెత్తుకొచ్చారు. తిరుగుతున్న డిస్కుని లాగడమంటే పరుగెడుతున్న మనిషి కాళ్ళకి అడ్డం పడ్డట్టేనని, ఆ తడి పసుపు డిస్కు వెనకున్న సన్నటి రాగి పళ్ళలోకి దిగి, తిరిగి కరెంటు తగలగానే కాలిపోతుందని ఆయనకి ఎవరు చెప్పాలి? ఆపొద్దని చెప్పాను గాని లాగొద్దని చెప్పాలని నాకు తోచలేదు. ఎవరికి తోస్తుంది? ఆయన హారతి పళ్ళెం చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డారు.

రెండో కాపీ లేదా అని మీరు అడగొచ్చు. అడిగినవాళ్ళందరికీ ఒకే జవాబు చెప్పి నోరు నొప్పెట్టింది. ఉంది. విశాఖ శాఖలో ఇంకో పెట్టె ఉంది, రోజూ కాపీ లైను మీద అక్కడికి వెళ్ళేది. ఈ ఏడు వానలు మొదలవగానే రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు కేబుల్ తెంచారు. అతికించారు, మళ్ళీ తెంచారు. కాపీ ఆగిపోయిందని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. పండగలయ్యాక చూద్దామన్నారు. అందుకే వానల ముందు తీసినవన్నీ విశాఖలో క్షేమంగా ఉన్నాయి. కొత్తగా తీసినవి స్కానింగ్ మిషన్లోనే కొన్నాళ్ళు ఉంటాయి, వాటికీ భయం లేదు. పోయింది మధ్యలో ఉన్న కాలం. ఆషాఢం, శ్రావణం, భాద్రపదం.

ఆషాఢంలో తల స్కానింగ్ తీయించుకున్న మనిషి దశమి మర్నాడు వచ్చింది.

చింతపల్లి అవతల కొండ మీది ఊరు వాళ్ళది. మొగుడూ పెళ్ళామూ. అతను నెత్తికి తువ్వాలు చుట్టుకుని, చంకలో పెద్ద పసుపురంగు కవరు పెట్టుకుని ముందు నడుస్తున్నాడు. ఆమె వెనక, చెయ్యి గోడకి ఆన్చి. ముప్ఫై లోపే ఉంటుంది. ముక్కుకి రెండు పక్కలా పుడకలు. విశాఖ నుంచి వారానికోసారి వచ్చే మెదడు డాక్టరుగారు ఆ రోజే కొత్త బొమ్మ తీయించి, పాతది కావాలని నాకు కబురంపారు. నేను వెళ్ళి లేదని చెప్పాను. అంటే, ఇప్పటికి లేదని చెప్పాను.

డాక్టరుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “ఈవిడకి గడ్డ సరిగ్గా కంటి నరం పక్కన ఉందమ్మా. ఆషాఢంలో కూడా ఇంతే ఉంటే మందులిచ్చి ఇంటికి పంపేస్తాను. అప్పటికన్నా పెరిగుంటే ఒక్క వారం కూడా ఆగకూడదు, విశాఖలో తల తెరిచి తీసెయ్యాల్సిందే. లేకపోతే చూపు పోతుంది. పోయిన చూపు మళ్ళీ రాదు.”

“వీళ్ళ దగ్గరున్న పాత రిపోర్టు కాగితంలో కొలత రాయలేదాండీ?”

“చిన్న గడ్డ అని రాసి ఊరుకున్నారు. ఎంత చిన్న? నరానికి తగిలిందా లేదా? నేను నా కళ్ళతో చూడాలి.”

“బొమ్మ దొరక్కపోతే?”

“తల తెరవడమంటే ఆటా అమ్మా? మాట పోవచ్చు, జ్ఞాపకం పోవచ్చు. కళ్ళు బాగానే కనబడుతున్నాయని ఆవిడే అంటోంది. బాగున్న మనిషిని ఊరికే ఎలా పంపను? చలికాలం పోయేదాకా ఆగి మళ్ళీ తీయిద్దాం, అప్పుడు తేడా తెలుస్తుంది. ఈలోగా పెరిగితే మాత్రం...” ఆయన మాట పూర్తి చెయ్యకుండా కళ్ళజోడు తుడుచుకున్నారు. “వచ్చే వారం వస్తాను. అప్పటికి చూడండి.”

ఆమె మొగుడు చంకలోని కవరు నా చేతికిచ్చాడు. ఇందులో పాత బొమ్మ ఉందమ్మా అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి పట్టుకున్నాను. ఫిల్ము మొత్తం ఒకే నలుపు. ఈ మూల నుంచి ఆ మూల దాకా తారు రాసినట్టుంది. వేడి తగిలితే నల్లబడే రకం ఫిల్ము అది.

“ఎక్కడ పెట్టావు దీన్ని?”

“పొయ్యి మీద అటకెక్కించినానమ్మా. వానకి తడిసిపోద్దని. ఇత్తనాలూ అయ్యీ మాము అక్కడే ఎట్టుకుంటాం, పురుగు కూడా ముట్టదు.” తర్వాత నా మొహంలోకి చూసి, “పాడైపోనాదేటి?” అన్నాడు.

అతని ఇంట్లో అంతకంటే భద్రమైన చోటు లేదు. నేను ఫిల్ముని కవర్లో పెట్టేసి, “ఫరవాలేదు, మా దగ్గర ఇంకోటి ఉంది. మిషన్ రిపేర్‌లో ఉంది, దొరుకుతుంది,” అన్నాను. ఆ వారంలో నేనాడిన అబద్ధాలకి అది మొదలు.

వాళ్ళు కొండెక్కి మళ్ళీ దిగడానికి ఓపిక లేక ఇక్కడే ఉండిపోయారు. బలిఘట్టంలో గుడి దగ్గర ఎవరో వసారాలో పడుకోనిచ్చారట. పొద్దున్నే ఏరు దాటి నడిచొచ్చి, నా గది ఎదురుగా ఉన్న సిమెంటు బల్ల మీద కూర్చునేవాళ్ళు. నేను తాళం తీసేసరికి అతను లేచి నిలబడేవాడు.

“దొరికినాదేటమ్మా?”

“దొరుకుతుంది.”

లోపలికి వెళ్ళి తలుపేసుకునేదాన్ని.

డిస్కులన్నిటినీ బయటికి తీశాను. డ్రెస్సింగ్ గది నుంచి సర్జికల్ స్పిరిట్, దూది, చెవిలో తిప్పుకునే పుల్లలు తెచ్చుకున్నాను. ఒక్కో డిస్కు వెనకా ఎండి అట్టకట్టిన పసుపుని పొడిపొడిగా రాలుస్తూ కూర్చున్నాను. ఏది ఏ అరలో ఉండేదో వాటి నంబర్లు చూసి తిరిగి సర్దాను. చాలా మటుకు లేచాయి. ఒక్కొక్కటీ గుర్రుమని తిరగడం మొదలెట్టి పచ్చలైటు వెలిగిస్తుంటే, దేవుడా దేవుడా అనుకుంటూ పక్కదానికి వెళ్ళాను. మూడు మాత్రం లేవలేదు. రెండు లేవకపోయినా గోదాము తలుపు తెరుచుకునేది. మూడు. ఈ ఊళ్ళో ఇంతమంది దేవుళ్ళుండగా ఒక్క డిస్కు కోసం అంతలా ఏడవాల్సొస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

చెడిపోయిన డిస్కుల్లోంచి డేటా తీసే కంపెనీకి హైదరాబాదు ఫోన్ చేశాను. పంపండి, చూస్తాం, నెల దాటొచ్చు, హామీ లేదన్నారు. వారంలో కావాలంటే నవ్వారు. మేనేజరుగారు తనకి తెలిసిన రిపేరు షాపు విశాఖలో ఉందని, ఆ మూడింటినీ తీసుకుని తొలి బస్సుకి వెళ్ళారు. ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారట, గతుకుల రోడ్డు కదా అని. సాయంత్రానికి తిరిగొచ్చి వాటిని నా బల్ల మీద పెట్టి, “ఆల్లు సేతులెత్తేసేరమ్మా,” అన్నారు. ఆయన చొక్కా అంతా చెమట. పొద్దుటి నుంచి ఏమీ తిన్నట్టు లేదు. కూర్చోమని అనలేదు నేను. తినమనీ అనలేదు.

“నానేటి సేసేనో నాకు తెలిసిందమ్మా ఇప్పుడు,” అన్నారు. “ఆ పిల్లని సూస్తుంటే కూడు దిగతం లేదు.”

“నాకు మాత్రం దిగుతోందా?” అని అరిచాను. ఆయన తల దించుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు నేను తాళం తీస్తుంటే కొండ మనిషి దగ్గరికొచ్చి గుప్పిట తెరిచాడు. కాగితంలో విభూది. బలిఘట్టం శివుడిదట. “మీ మిషన్‌కి రాయండమ్మా, బేగి బాగవుద్ది,” అన్నాడు.

నాకు ఒక్కసారిగా తిక్క రేగింది. “బొట్లు పెట్టి పెట్టే దాన్ని ఈ గతికి తెచ్చారు! ఇంకా విభూది కూడానా? అవతలికి పట్టుకెళ్ళు!” అని కసిరేశాను. అతనికి ఏమీ అర్థం కాలేదు. తెల్లబోయి, గుప్పిట మూసి, వెళ్ళి బల్ల మీద పెళ్ళాం పక్కన కూర్చున్నాడు. ఆమె అతని గుప్పిటలోంచి కాగితం తీసుకుని జాగ్రత్తగా మడిచి కొంగున కట్టుకుంది. నేను లోపలికెళ్ళి కూర్చున్నాను. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. కాసేపటికి బయటికొచ్చి, “ఏదీ, ఇలా ఇవ్వు,” అని చెయ్యి చాపి, ఆ విభూది నా నుదుట రాసుకున్నాను. మిషన్‌కి మాత్రం రాయలేదు.

ఇలా గడిచాయి రోజులు. మిగతా రోగులు కూడా పాత బొమ్మల కోసం వస్తున్నారు, వాళ్ళకి మేనేజరుగారే సర్దిచెబుతున్నారు. నాకు మాత్రం కళ్ళు మూసినా తెరిచినా ఆ బల్ల మీద కూర్చున్న ఇద్దరే. తలస్నానం చేస్తూ నీళ్ళు కళ్ళల్లో పడి ఒక్క క్షణం చీకటయితే గబగబా కళ్ళు తుడుచుకునేదాన్ని. వంటింట్లో పోపు మాడింది. మా ఆయన అదే తిన్నారు. “పోనీ వాళ్ళకి నిజం చెప్పెయ్,” అన్నారు ఒకసారి. నిజం చెప్పడమంటే ఆశ వదులుకోవడం. ఆ మూడు డిస్కుల్లో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి లేస్తే చాలు. అంత దగ్గర్లో ఉన్నదాన్ని ఎలా వదులుకోను?

డాక్టరుగారు వచ్చే రోజు పొద్దున్న ఆ మూడింట్లో ఒకటి లేచింది.

ఏం చేశానో నాకే సరిగా తెలియదు. రాగి పళ్ళని మళ్ళీ స్పిరిట్‌తో కడిగి, ఫ్యాను కింద ఆరబెట్టి, పెట్టాను, తీశాను, పెట్టాను. అంతకు ముందు కూడా అదే చేశాను. ఈసారి లోపల ఏదో కదిలి, సన్నగా ఈల వేసినట్టు మోత మొదలైంది. పచ్చలైటు వెలిగింది. వాల్యూంని తెరిచాను. ఏమీ రాయకుండా చదవడానికి మాత్రమే తెరిచాను, దాని మీద బరువు పడకుండా. తెరుచుకుంది. ఆషాఢం కనబడింది. నెలలు, తేదీలు, మనుషులు. నేను పిచ్చిదానిలా గట్టిగా నవ్వాను. ఆ గదిలో నా నవ్వు నాకే కొత్తగా వినబడింది.

ముందు ఆమెది. మిగతా అందరిదీ తర్వాత, ముందు ఆమెది. ఆమె నంబరు కొట్టి కాపీ మొదలుపెట్టాను. తల స్కానింగ్ అంటే ఒక్క బొమ్మ కాదు, నడినెత్తి నుంచి మెడ దాకా పొరలు పొరలుగా తీసినవి. ఒక్కో పొరా వచ్చి నా కంప్యూటర్లో పడుతోంది. ముందు పుర్రె పైభాగం, బొడిపెలా చిన్న గుండ్రం. తర్వాత కొంచెం పెద్దది. తర్వాత మెదడు మడతలు కనబడసాగాయి. నెమ్మదిగా వస్తున్నాయి. డిస్కు మధ్యమధ్యలో ఆగి, గొంతు సవరించుకున్నట్టు టక్కుమని, మళ్ళీ నడుస్తోంది. రా తల్లీ, రా, ఇంకొంచెం, అంటున్నాను పైకే. కంటి గుంటల పైన ఉండే ఎముక రావడం మొదలైంది. ఆ కింద పొరల్లోనే నరం. ఆ కిందే గడ్డ.

టక్. టక్. టక్.

ఎర్ర లైటు.

వాల్యూం మూతపడింది. దాన్ని తీశాను, తుడిచాను, పెట్టాను. చేత్తో మెల్లగా తట్టాను. ఫ్రిజ్‌లో పెడితే లేస్తాయని ఎక్కడో విన్నది గుర్తొచ్చి, ల్యాబ్‌కి పరుగెత్తి మందుల ఫ్రిజ్‌లో కాసేపు పెట్టి తెచ్చాను. ఏమీ లేదు. అది ఇక కదల్లేదు. నా కంప్యూటర్లో ఆమె తల సగం ఉంది. కనుబొమల దాకా ఉంది, కళ్ళ దగ్గర లేదు.

బయట డాక్టరుగారి కారు వచ్చిన చప్పుడైంది.

తలుపు తీశాను. అతను లేచి నిలబడ్డాడు. ఈసారి అడగలేదు. నా మొహం చూసే తెలిసిపోయినట్టుంది.

“దొరకలేదు,” అన్నాను. “ఇక దొరకదు.”

“మరైతే...”

“మళ్ళీ బొమ్మ తీసేదాకా ఆగమంటారు. చలికాలం పోయేదాకా.”

“అందాకా పెరిగిపోతే?”

అతను నిలబడ్డవాడు నిలబడ్డట్టే నేల మీద చతికిలబడి, తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అది చూశాక ఇక నావల్ల కాలేదు. ఆ బల్ల మీద ఆమె పక్కన కూర్చుని ఏడ్చేశాను. ఏడుస్తూనే అంతా చెప్పాను. మిషన్ రిపేరు కాదని, పండగకి దానికి పసుపు పెట్టారని, అది తడిసి కాలిపోయిందని, రోజూ దొరుకుతుందని చెప్పింది అబద్ధమని, ఇందాక కళ్ళ దాకా వచ్చి ఆగిపోయిందని. ఆమెకి ఎంత అర్థమైందో తెలియదు. వారం రోజులుగా ఆమె నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మాకు తెలుగు తక్కువమ్మా అని ఆమె తరఫున అతనే అన్నీ చెప్పేవాడు.

ఆమె తన కొంగుతో నా మొహం తుడిచింది.

“ఏడకమ్మా,” అంది. మంచి తెలుగే. “నాకు ఎడం పక్కన అవుపడతం నేదు.”

నేను తలెత్తాను. అతను కూడా తువ్వాలు దించాడు.

“ఏటన్నావు?”

“సాన్నాళ్ళయ్యింది. సోడి పంట సేలో కలుపు తీత్తే ఎడం పక్కదంతా ఒగ్గేత్తన్నానని మా అత్త తిడతంది. డాక్టరుబాబు సేతి ఏళ్ళు సూపించి ఎన్నని అడిగినాడు. తల తిప్పి సూసి సెప్పేసినాను. ఈ మద్దిన కుడి పక్క కూడా పొగ కమ్మినట్టు ఉంటంది.”

“నాకు సెప్పనేదేటే?” అన్నాడు అతను. అరవలేదు. ఆ గొంతు వింటే అరిచినా బాగుండుననిపించింది.

“సెప్తే నెత్తి కోయించేత్తావు గదా. బయమేసింది.” తర్వాత నా వైపు తిరిగింది. “బొమ్మ దొరుకుద్దని నువ్వు రోజూ అంటంటివి. దొరికితే అదే సెప్పేత్తాది, నానెందుకు సెప్పడం అనుకున్నాను. ఇప్పుడది సెప్పదంట గదా.”

నాకు ముందొచ్చింది కోపమే. ఒక్క మాట. వారం కింద ఒక్క మాట చెప్పుంటే ఆ రోజే పంపేవారు. ఆ రెండు చెంపలూ వాయించాలనిపించింది. ఆ వెంటనే నా మీద నాకే అసహ్యమేసింది. రోజుకి పది సార్లు ఆమె ముందు నుంచి నడిచాను. ఆ తల లోపల ఏముందో తెలుసుకోవడానికి ఇనప రాక్ ముందు మోకాళ్ళేసి కూర్చున్నాను. నీకెలా ఉందమ్మా అని ఆమెనొక్కసారి అడగలేదు.

“లే,” అన్నాను. “డాక్టరుగారి దగ్గరికి పోదాం. నీ నోటితో నువ్వే చెప్పాలి.”

ఆమె లేచింది. అతను ఒక పక్క, నేనొక పక్క పట్టుకున్నాం. వరండాలో మేనేజరుగారు ఎదురొచ్చి, మమ్మల్ని చూసి, ఏమైందని అడక్కుండానే ముందు నడుస్తూ జనాన్ని పక్కకి జరిపారు. వరసలో కూర్చున్నవాళ్ళు ఎవరూ టోకెన్ గురించి మాట్లాడలేదు.

డాక్టరుగారు అంతా విన్నారు. ఆమె తల రెండు చేతులతో కదలకుండా పట్టుకుని, ఒక పక్క వేళ్ళు ఆడించి అడిగారు. ఆమె ఈసారి అవుపడతం నేదనే చెప్పింది. ఆయన నన్ను పాత బొమ్మ గురించి అడగలేదు. ఫోన్ తీసి విశాఖకి మాట్లాడారు, ఈ రోజే చేర్చుకోవాలన్నారు. మేనేజరుగారు అంబులెన్సు కోసం పరుగెత్తారు.

అంబులెన్సు గుమ్మంలోకి వచ్చింది. దాని ముందు అద్దానికి పండగ నాటి బంతిపూలు ఎండి వేలాడుతున్నాయి. అతను ముందెక్కి లోపల్నుంచి చెయ్యి అందించాడు. ఆమె ఎక్కబోతూ ఆగి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“అమ్మా, నువ్వు సదూకున్నదానివి గదా. నెత్తి ఇప్పినాక లోపలున్నియ్యి పోవు గదా? మా పిల్ల మొకం, మా మాట... అయ్యి ఉంటాయి గదా?”

వారం రోజులు పొద్దున్నే తాళం తీస్తూ దొరుకుతుందని చెప్పిన నోరు నాది. ఉంటాయి, అన్నీ భద్రంగా ఉంటాయి అనడానికి ఒక్క క్షణం పట్టదు. ఆమె నా మొహానికేసి చూస్తోంది, సరిగ్గా కాదు, కొంచెం పక్కకి.

“నాకు తెలీదమ్మా,” అన్నాను.

ఆమె తలూపి, నా చెయ్యి వదిలి, బండెక్కింది.